కాల్ నంబర్ ముందు ‘ఆర్’ ఉంటే పుస్తకం ఎక్కడ వెతకాలి?

హనుమకొండలో ఒక లైబ్రరీలో కాకతీయుల కాలం నాటి చెరువుల మీద ఒక పుస్తకం కోసం వెతుకుతున్నాను. కంప్యూటర్ క్యాటలాగ్‌లో కాల్ నంబర్ (పుస్తకం ఏ చోట ఉంటుందో చెప్పే నంబర్) ‘ఆర్ 954.84’, స్టేటస్ ‘అవైలబుల్’ అని చూపిస్తోంది.

లైబ్రరీల్లో పుస్తకాలను విషయం వారీగా నంబర్లతో సర్దే డ్యూయీ పద్ధతిలో 954 అంటే భారతదేశ చరిత్ర అని, 954.84 కింద మన తెలుగు ప్రాంతం వస్తుందని తెలుసుకొని ఆ అల్మారా దగ్గరికే పోయాను. 954.83 కేరళ పుస్తకాలు అయిపోయాక 954.84 చీటీతో నాలుగే ఉన్నాయి, వెంటనే 954.87 కర్ణాటక మొదలైంది. నాకు కావాల్సింది ఆ నాలుగింట్లో లేదు. ఎవరైనా తప్పు చోట పెట్టారేమోనని పైవరస, కిందివరస కూడా ఒక్కొక్కటి తీసి చూశాను. పోయిన శనివారం, మళ్లీ మంగళవారం, రెండుసార్లూ ఇదే.

కౌంటర్‌లో అడిగితే “అది స్టాక్‌ల ఉంటది” అన్నారు, అంటే లోపల పుస్తకాలు దాచే గదిలో అనుకుంటా. వెనక జనం ఉండడంతో ఇంకో మాట అడగలేకపోయాను. ‘ఆర్’ అంటే రిఫరెన్స్ అనుకుంటున్నాను, ఇంటికి ఇవ్వకపోయినా పరవాలేదు, అక్కడే కూర్చొని రాసుకుంటాను. నెలాఖరులోగా చూడాలి.

లైబ్రరీలో పనిచేసినవాళ్లు ఎవరన్నా ఉంటే జర చెప్పండి: ‘ఆర్’ నంబర్ ఉండి స్టాక్‌లో ఉన్న పుస్తకాన్ని చదువుకోవడానికి బయటికి తెప్పించాలంటే కౌంటర్‌లో ఏమని అడగాలి?