నాయనకు అల్జీమర్స్ అన్నారు. బ్యాంకు, పొలం కాగితాలు మీరంతా ఎట్లా చేసుకున్నారు?

గుంతకల్లు_కొడుకు
నాయనకు 74. రైల్వేలో చేసి రిటైరయ్యాడు. రెండేళ్లుగా వయసు మతిమరుపే అనుకున్నాం. పోయిన నెల బెంగళూరు నిమ్హాన్స్‌లో చూపిస్తే అల్జీమర్స్, ఇంకా మొదట్లోనే ఉంది అన్నారు. మందుల సంగతి డాక్టర్లు చెప్పారు. నేను అడిగేది లెక్క, అంటే డబ్బు సంగతి. పోయిన వారం ఒకే రోజు ఏటీఎంలో మూడుసార్లు పదేసి వేలు తీశాడు. మూడు స్లిప్పులూ మడిచి కళ్లజోడు డబ్బాలో పెట్టుకున్నాడు. ఇరవై వేలు బియ్యం డబ్బాలో దొరికాయి, పది వేలు ఇంతవరకు దొరకలేదు. అడిగితే "నేను బ్యాంకుకే పోలేదు" అని కోపం.

పెన్షన్ ఖాతా ఆయన ఒక్కడి పేరు మీదే. గుత్తి దగ్గర ఆరెకరాల చేను, పాసుపుస్తకం కూడా ఆయనదే. నేను, చెల్లెలు ఇద్దరమే. అందరూ "జీపీఏ (ఆయన తరఫున పనులు చేయడానికి రాసిచ్చే పవరు కాగితం) రాయించుకో, అయిపోతుంది" అంటున్నారు. నిజమేనా?

ఆదోని_అక్క
మేము మా మామకు చేయించాం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అరగంట పని. టెన్షన్ పడొద్దు తమ్ముడూ.

కర్నూలు_గుమాస్తా
ఇరవై ఏళ్లుగా లాయరు దగ్గర గుమాస్తాను. అరగంట పనే, కానీ ఆ కాగితం ఎన్నాళ్లు బతుకుతుందో కూడా చూడాలి. రాసిచ్చిన మనిషి చనిపోతే జీపీఏ పోతుందని అందరికీ తెలుసు. మతిస్థిమితం పోయినా పోతుంది, 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చూడండి. అంటే మీకు ఏ రోజు అవసరమో సరిగ్గా ఆ రోజే అది చెల్లదు. మతి పోయాక కూడా నడిచే పవరు ఇంగ్లండులో ఉంది, మన దగ్గర లేదు.

జీపీఏ అసలొద్దు అనను. మీ నాయనకు తెలివి ఉన్నన్నాళ్లు పనికొస్తుంది. దాని మీదే భారం వేసి కూర్చోవద్దు.

ఆదోని_అక్క
అయ్యో! మామ ఏడాదిగా నన్ను కూడా గుర్తుపట్టడం లేదు. మొన్ననే మా ఆయన ఆ జీపీఏతో పంట లోను రెన్యువల్ చేయించాడు.

కర్నూలు_గుమాస్తా
ఇక ఆ కాగితం బయటికి తీయకండి అక్కా. అయిన లోను సంగతి లాయరును కలిసి చూసుకోండి. అమ్మకం మాత్రం దానితో అస్సలు చేయొద్దు, రేపు దాయాదుల్లో ఎవరైనా కోర్టుకు పోతే కొన్నవాడు మీ మీద పడతాడు.

ప్రొద్దుటూరు_నోట్లు
ఎవరూ చెప్పని సంగతి ఒకటి నేను చెప్తా. మా నాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాడు. ఎవరికి ఎప్పుడు ఇచ్చాడో తేదీతో సహా నోటికి చెప్పేవాడు, అందుకే మేమెవరం లెక్కలు చూడలేదు. జబ్బు ముదిరాక ట్రంకుపెట్టె తెరిస్తే రబ్బరు బ్యాండు వేసి పదకొండు ప్రామిసరీ నోట్లు. అందులో ఏడింటికి మూడేళ్లు దాటిపోయాయి. మూడేళ్లలోపు దావా వేయాలి, లేదా బాకీదారు కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టాలి. చెల్లు పడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. ఒక పెద్దమనిషైతే మేము లేనప్పుడు ఇంటికొచ్చి, టీ తాగి, నాయన చేత "మొత్తం ముట్టింది" అని రాయించుకుపోయాడు. రాత నాయనదే, ఏం చేస్తాం?

మీ నాయన ఎవరికైనా ఇచ్చాడేమో, చీటీలు ఉన్నాయేమో ఇప్పుడే పక్కన కూర్చొని అడగండి. పొద్దున టిఫిన్ అయ్యాక అడగండి. మా నాయనకు సాయంత్రం నాలుగు దాటితే అంతా గందరగోళం.

కడప_క్యాషియర్
రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని. గుంతకల్లు తమ్ముడికి: రైల్వే పెన్షన్ ఖాతాలో మీ అమ్మను చేర్చవచ్చు, ఈదర్ ఆర్ సర్వైవర్ (ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకునే పద్ధతి) పెట్టించండి. ఫారం మీద ఆయన తెలిసి సంతకం చేయాలి, కాబట్టి ఈ నెలలోనే పోండి. ఏటీఎం రోజువారీ లిమిట్ తగ్గించండి. పెద్ద మొత్తం ఎఫ్‌డీలో వేసి, చేతి ఖర్చుకు చిన్న ఖాతా ఉంచండి. నవంబరు లైఫ్ సర్టిఫికెట్‌కు బ్యాంకుకు తిప్పనక్కర్లేదు, ఫోన్‌లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ ఇంట్లోనే చేయొచ్చు. డెబ్బై దాటినవాళ్లకు ఇంటి దగ్గరే బ్యాంకు సేవ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది, గట్టిగా అడగండి.

పిన్ తెలుసు కదా అని మీరే తీస్తూ పోవద్దు. రేపు చెల్లెలు కాకపోయినా బావ అడుగుతాడు. పుస్తకంలో తేదీ, మొత్తం, ఎందుకు అన్నది రాసి పెట్టండి. ఫోన్‌లో మోసం జరిగితే వెంటనే 1930కి కొట్టండి. పాత పద్ధతిలో టాక్స్ కట్టేవాళ్లయితే న్యూరాలజిస్టు సర్టిఫికెట్‌తో సీనియర్ సిటిజన్ వైద్యానికి ఆదాయపన్నులో లక్ష దాకా మినహాయింపు ఉంది.

అనంత_కోడలు
మా అత్తను ఒక బంధువు "పెన్షన్ కాగితం" అని చెప్పి తీసుకుపోయి గిఫ్ట్ డీడ్ చేయించాడు. ఆమెకు అప్పటికే ఏ ఊర్లో ఉందో తెలిసేది కాదు. కేసు నడుస్తోంది. అందుకే ఒరిజినల్ పాసుపుస్తకం ఇంట్లో అందరికీ తెలిసే చోట పెట్టొద్దు. అప్పుడప్పుడు ఈసీ (ఆ భూమి మీద ఏ రిజిస్ట్రేషన్లు జరిగాయో చూపే కాగితం) తీసి చూస్తుండండి.

విల్లు రాయిస్తే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి. ఇద్దరు సాక్షులు కావాలి. ఆస్తి దక్కేవాళ్లు కాకుండా, వయసులో చిన్నవాళ్లను పెట్టుకోండి. అదే రోజు డాక్టరు దగ్గర "తాను చేస్తున్నది అర్థం చేసుకోగలడు" అని సర్టిఫికెట్ తీసుకోండి. జబ్బు పేరు ఉన్నంత మాత్రాన విల్లు చెల్లకుండా పోదు, రాసే వేళ తెలివి ఉండాలి. గిఫ్ట్ ఇస్తే మాత్రం "చూసుకోవాలి" అన్న షరతు డీడ్‌లోనే రాయించండి. అప్పుడు 2007 సీనియర్ సిటిజన్స్ చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీఓ ట్రిబ్యునల్‌కు పోయే దారి ఉంటుంది.

ఆదోని_అక్క
మరి మా మామలాగా చేయి దాటిపోయినవాళ్లకు?

కర్నూలు_గుమాస్తా
1987 మెంటల్ హెల్త్ చట్టంలో ఇలాంటివాళ్ల ఆస్తి చూసుకోవడానికి జిల్లా కోర్టు మేనేజరును పెట్టే పద్ధతి ఉండేది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం వచ్చాక అది పోయింది. ఈ కొత్త చట్టంలో నామినేటెడ్ రిప్రజెంటేటివ్ (రోగి తరఫున నిలబడే మనిషి) ఉన్నాడు గానీ వైద్యం వరకే, బ్యాంకు వాళ్లకు చూపిస్తే ఒప్పుకోరు. చాలామంది అమరావతి హైకోర్టులో రిట్ వేసి గార్డియన్‌గా వేయించుకుంటున్నారు. డాక్టరు రిపోర్టులు, వారసులందరి ఒప్పుకోలు అడుగుతారు. ఖర్చు భయమైతే జిల్లా కోర్టులోనే న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఫోన్ 15100. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితం, మీ అత్త పేరు మీద అడగండి.

గుంతకల్లు_కొడుకు
మూడు వారాల తర్వాత వస్తున్నా. పొద్దున పది గంటలకే బ్యాంకుకు పోయాం. మేనేజరు నన్ను పక్కన కూర్చోమని నాయననే అడిగాడు, "ఎవరిని చేర్చాలి సార్?" అని. "నా భార్యను, ఇంకెవరిని?" అన్నాడు. సంతకం పాతదానితో కలవలేదు, వంపులన్నీ పోయాయి. కొత్త స్పెసిమెన్ తీసుకున్నారు, ఇంకో గంట పట్టింది.

ఏటీఎం కార్డు అమ్మ తీసుకుంది. రెండు రోజులు "నా లెక్క నాకే ఇయ్యరా?" అని అన్నం తినలేదు. ఇప్పుడు సోమవారం సోమవారం ఐదు వంద నోట్లు చొక్కా జేబులో పెడుతున్నాం. టీ అంగడికి పోయి పదిమందికి తాగిస్తున్నాడు, పోనీ.

విల్లుకు వచ్చే బుధవారం గుత్తికి పోతున్నాం. చేనులో చెల్లెలికి సగం అని ఆయనే చెప్పాడు, మేము ఎత్తక ముందే. ఇంకో సంగతి, పోయిన పది వేలు పంచాంగం మధ్యలో దొరికాయి. లెక్కపెడితే పదమూడు వేలు ఉన్నాయి. ఆ మూడు వేలు ఎప్పటివో ఎవరికీ తెలియదు.