నైజీరియా జనగణనలో తెగ, మతం అడగాలా, వద్దా?

సుధీర్: 1991లో, 2006లో నైజీరియా జనాన్ని లెక్కపెట్టింది కానీ తెగ, మతం అడగలేదు. 2006లో 14 కోట్లని తేలింది. ఆ తర్వాత మళ్లీ లెక్కే లేదు, 2023లో అనుకున్నదీ వాయిదా పడింది. ఈసారి జరిగితే రెండూ అడగాలంటాను. 500కు పైగా భాషలున్న దేశంలో ఏది ఎందరు మాట్లాడతారో తెలియకుండా బడిలో పాఠం ఏ భాషలో చెబుతారు?

పద్మజ: వద్దండీ. అక్కడ ఎంపీ సీట్లు, కేంద్రం నిధుల్లో కొంత వాటా తలల లెక్కను బట్టే. 1962 లెక్క మీద ఉత్తరం, దక్షిణం గొడవపడితే 1963లో మళ్లీ లెక్కపెట్టారు. 1973 లెక్క ఏకంగా రద్దయింది. 2006లో ఉత్తరాది కానో రాష్ట్రానికి 94 లక్షలు, దక్షిణాది లేగోస్ రాష్ట్రానికి 91 లక్షలు వచ్చాయి. మా దగ్గర 1.75 కోట్ల మంది ఉన్నారని లేగోస్ ప్రభుత్వం మొత్తుకుంది. మనకు డీలిమిటేషన్ టెన్షన్ ఎంతో, వాళ్లకు జనగణన అంత. దీనికి మతం కూడా తోడైతే?

గోదారి గట్టు: పైగా యోరుబా తెగ ఇళ్లలో అన్న మసీదుకు, చెల్లెలు చర్చికి వెళ్లడం మామూలే. అలాంటి చోట ఈ లెక్క ఎవరికి కావాలి?

సుధీర్: పద్మజ గారూ, అడగకపోతే తెగ గొడవ ఆగిందా? జోస్ ఊరినే చూడండి. ఉద్యోగానికి, కాలేజీ సీటుకు స్థానిక ప్రభుత్వం ఇచ్చే స్థానికత పత్రం కావాలి. బెరోం, అఫిజెరె, అనగూట తెగల వాళ్లు ఈ నేల మాదంటారు. తరాలుగా అక్కడే ఉన్న హౌసా తెగ కుటుంబాలకు ఆ పత్రం పుట్టదు. తాత అక్కడే పుట్టినా మనవడు బయటివాడే. 2001లో అక్కడ వందల మంది చనిపోయిన అల్లర్ల వెనక ఈ తగువూ ఉంది. పత్రం ఇచ్చేచోట నీది ఏ తెగని అడిగే రాజ్యం, జనగణనలో మాత్రం నోరు మెదపదు. దానివల్ల నష్టపోయేది చిన్న తెగలే. హౌసా, యోరుబా, ఇగ్బో అనే మూడు పెద్ద తెగల పేర్ల వెనక వాళ్ల సంఖ్య ఎవరికీ కనిపించదు. దగ్గర్లోని ఘనా దేశంలో 2021 జనగణనలో తెగ, మతం రెండూ అడిగారు. క్రైస్తవులు 71 శాతం, ముస్లింలు 20 శాతం అని అచ్చేశారు. దేశం తగలబడలేదే!

పద్మజ: ఘనాలో ఒక మతానిదే స్పష్టమైన మెజారిటీ. నైజీరియాలో క్రైస్తవులు, ముస్లింలు ఇద్దరూ మేమే ఎక్కువంటారు. భాష అడగండి, చిన్న తెగల కోసం తెగ కూడా అడగండి, ఒప్పుకుంటాను. మతం మాత్రం వద్దు.