రన్ అంటే ఒక్క పరుగేనా?

సీతమ్మధార నుంచి: అందరికీ నమస్కారం. మా పాప తొమ్మిదో తరగతి. ఇంగ్లీషులో 'రన్' అనే క్రియకి అర్థాలు, పర్యాయపదాలు రాసి, పక్కన తెలుగు మాటలు పెట్టమన్నారట. పరుగెత్తు, నడుపు దాకా వచ్చి ఆగిపోయాం. ఇంకేమున్నాయో చెబుతారా?

ఎంవీపీ కాలనీ నుంచి: స్ప్రింట్, జాగ్, డాష్, ఫ్లీ, ఫ్లో, ఆపరేట్, మేనేజ్. రాసేయమనండి, మార్కులు పడిపోతాయి.

మధురవాడ నుంచి: మార్కులు పడతాయేమో గానీ, ఆ జాబితాలో ఏ రెండూ ఒకదాని బదులు ఒకటి పనికిరావండీ. జాగ్ చేసేవాడు ఆరోగ్యం కోసం మెల్లగా పరిగెడతాడు, ఫ్లీ అయ్యేవాడు ప్రాణభయంతో పారిపోతాడు. ఆపరేట్ అంటే మిషన్‌కి సరిపోతుంది, జ్వరానికి సరిపోదు. ఇంగ్లీషువాళ్లు జ్వరాన్ని కూడా రన్ చేస్తారు మరి! మనకి జ్వరం కాస్తుంది.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ 1989 నాటి రెండో కూర్పులో అన్నిటికన్నా ఎక్కువ చోటు పట్టిన క్రియ 'సెట్'. దానికి 430 అర్థాలు ఇచ్చారు. తర్వాత చేసిన సవరణలో 'రన్' 645 అర్థాలతో దాన్ని దాటేసింది. యంత్రాలొచ్చాక ఇంజన్లూ గడియారాలూ, ఇప్పుడు కంప్యూటర్ ప్రోగ్రాములూ, అన్నీ వచ్చి ఈ చిన్న మాట నెత్తినే కూర్చున్నాయి. 645కి తెలుగు మాటలు వెతుకుతూ కూర్చుంటే పాప పదో తరగతికి వెళ్లిపోతుంది. అందుకని ముందు 'ఏది' రన్ అవుతోందో చూసుకోమనండి. దాన్ని బట్టే మన క్రియ మారుతుంది.

నీళ్లు చూడండి. కాలవలో పారతాయి. ముక్కు కారుతుంది. కుళాయి తిప్పి ఉంటే 'నీళ్లొస్తున్నాయి' అంటాం. 'కుళాయి కారుతోంది' అన్నామంటే ప్లంబర్‌ని పిలవాల్సిందే. కొత్త చీర ఉతికితే రంగు దిగుతుంది. ఈ తేడాలన్నీ మనం ఆలోచించకుండానే పాటిస్తాం, ఇంగ్లీషులో అన్నిటికీ రన్ సరిపోతుంది.

అలాగని మనకి అలాంటి మాట ఎప్పుడూ లేదనుకోకండి. పాత తెలుగులో 'పాఱు', బండి ఱతో, నీళ్ల ప్రవాహానికీ చెల్లేది, మనిషి పరుగుకీ చెల్లేది. ఇప్పుడు ఒంటరి 'పారు' నీళ్లకే మిగిలింది. మనుషుల విషయంలో 'పారిపోవు'లో మాత్రం బతికి ఉంది. తొమ్మిదో తరగతి పుస్తకంలో ఇది అక్కర్లేదు, నాకిష్టం కాబట్టి చెబుతున్నా.

యంత్రాలకొస్తే ఫ్యాను తిరుగుతుంది, పిండిమర ఆడుతుంది. సినిమా కూడా ఆడుతుంది. జగదాంబ థియేటర్‌లో వంద రోజులు ఆడింది అంటాం గానీ పరిగెత్తింది అనం. షాపు, స్కూలు, సంఘం నడుస్తాయి. వాళ్లు పరిగెత్తించేదాన్ని మనం నింపాదిగా నడిపిస్తాం. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి భీమిలికి బస్సులు తిరుగుతాయి, బీచ్ రోడ్డేమో భీమిలి దాకా పోతుంది. రోడ్డు ఎక్కడికీ కదలదు, అయినా ఇంగ్లీషులో రన్ అవుతుంది, తెలుగులో పోతుంది. ఈ విషయంలో ఇద్దరం ఒకటే.

పర్యాయపదాలు కాళ్ల పరుగుకే కావాలంటే మనకీ లోటు లేదు. పరుగెత్తు, పరుగిడు, లగెత్తు. తెలంగాణలో ఉరుకు. తప్పించుకుపోయేవాడికి ఉడాయించు, చెక్కేయు, జారుకొను. పాపకి ఇవి సరదాగా ఉంటాయి.

గాజువాక నుంచి: క్రికెట్ మర్చిపోయారేటండీ! 2005 ఏప్రిల్ 5న మన వైజాగ్ స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోని 148 కొట్టాడు. 'పరుగులు తీశాడు' అని రాస్తారు. ఫోర్లూ సిక్సులకి పరిగెత్తక్కర్లేదు కదా, మరి అవి పరుగులెలా అయ్యాయి?

మధురవాడ నుంచి: బావుంది ప్రశ్న. అక్కడ మనం నామవాచకాన్ని నామవాచకంతోనే దించుకున్నాం, కాబట్టి వాళ్ల మెలికే మనకీ వచ్చింది. 'రనౌట్' దగ్గర మాత్రం తెలుగు చేయకుండా వదిలేశారు, బతికిపోయాం. ఇంట్లో పాలు రన్ అవుట్ అయితే 'అయిపోయాయి' అనాలి, అది వేరే.

పెందుర్తి నుంచి: ప్రోగ్రామ్ రన్ చేయడానికి 'అమలు చేయి' అని పెడుతుంటారు. కృతకంగా లేదూ?

మధురవాడ నుంచి: నాకైతే అంత చెడ్డగా అనిపించదండీ. అమలు అరబ్బీ నుంచి వచ్చిన మాటే అయినా చట్టాలకీ ఆజ్ఞలకీ వాడి వాడి మనదైపోయింది. ప్రోగ్రామ్ అంటే ఆజ్ఞల వరసే కదా. కాకపోతే ఆఫీసులో 'రన్ చేశావా?' అంటారు తప్ప 'అమలు చేశావా?' అని ఎవరూ అడగరు. రాతలో అమలు, మాటలో రన్. ఉండనివ్వండి రెండూ. నాకు ఒళ్లు మండేది 'ఖర్చు కోట్లలోకి పరిగెత్తింది' లాంటి అనువాదాలు. ఖర్చు కోట్లకి చేరుతుంది, కోట్లు దాటుతుంది. దానికి కాళ్లు మొలిపించడం ఎందుకు?

సీతమ్మధార నుంచి: చాలా థాంక్సండీ. ఇంకొక్కటి. ఎన్నికల్లో 'రన్' అని అమెరికా వార్తల్లో వింటుంటాం. దానికి పోటీ చేయడమేనా?

మధురవాడ నుంచి: పోటీ చేయడమే. అమెరికాలో అభ్యర్థి రన్ అవుతాడు, బ్రిటన్‌లో స్టాండ్ అవుతాడు. మనవాడు కూడా 'ఎమ్మెల్యేగా నిలబడ్డాడు'. పాపని ఈ మూడూ పక్కపక్కన రాయమనండి.