సెలవు రోజుల్లో షూటింగులకు ఎక్స్‌ట్రాగా వెళ్తే డబ్బులు మిగులుతాయా?

అమీర్‌పేట_హాస్టల్:
కోచింగ్ కోసం హైదరాబాద్ వచ్చి ఏడు నెలలైంది. రూమ్మేట్ నన్నొక వాట్సాప్ గ్రూపులో చేర్చాడు. 'రేపు 40 మంది అబ్బాయిలు, కాలేజీ క్రౌడ్, మూడు జతల బట్టలు' అని మెసేజ్ వస్తుంది. రెండుసార్లు వెళ్లాను. పొద్దున అయిదున్నరకు కృష్ణానగర్‌లో బస్సెక్కితే రామోజీ ఫిల్మ్ సిటీలో దింపారు. టిఫిన్, భోజనం వాళ్లదే. 900 అన్నారు, చేతికి 700 ఇచ్చారు. నిలబడటం, చెప్పినప్పుడు నడవటం తప్ప పనేమీ లేదు. నెలకు నాలుగు ఆదివారాలు వెళ్తే హాస్టల్ ఖర్చుకు కలిసొస్తుందా? అలవాటున్నవాళ్లు చెప్పండి.

లెక్కల_మాస్టారు:
తిరిగి ఎన్నింటికి వచ్చావు?

అమీర్‌పేట_హాస్టల్:
కృష్ణానగర్‌లో దిగేసరికి రాత్రి 11:15 అయింది సార్.

లెక్కల_మాస్టారు:
అంటే 17 గంటల 45 నిమిషాలు. 700ని భాగిస్తే గంటకు 40 రూపాయలు కూడా పడలేదు. ట్యూషన్ చెప్పుకో నాయనా.

గుంటూరు_కుర్రోడు:
ప్రయాణం ఎందుకు కలుపుతున్నారు మాస్టారూ? ఆఫీసుకు వెళ్లేవాళ్లు బస్సులో కూర్చున్న టైముకు జీతం అడుగుతారా?

లెక్కల_మాస్టారు:
ఆఫీసు బస్సు వేరు, ఇది వేరు. ఇక్కడ బస్సు వాళ్లది, ఎక్కే టైము వాళ్లు పెట్టింది, మధ్యలో దిగిపోయే వీలు లేదు. ఫిల్మ్ సిటీ హయత్‌నగర్ దాటి ఉంది, ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు పోవాలి. ఆ టైము వాళ్లదే.

సినిమా_పిచ్చి:
హీరోని దగ్గర నుంచి చూశావా తమ్ముడూ?

కృష్ణానగర్_22ఏళ్లు:
'పనేమీ లేదు' అన్న మాట దగ్గర ఆగిపోయాను. నేను 22 ఏళ్లుగా సినిమా యూనియన్ సభ్యత్వ కార్డున్న జూనియర్ ఆర్టిస్టుని. పెళ్లి సీనులో వెనక నలుగురు ఆడవాళ్లు మాట్లాడుకుంటూ కనిపిస్తారు చూడు, ఒక్క మాటకూ శబ్దం రాకూడదు. పెదాలు కదలాలి, నవ్వు రావాలి, కంచం ఏ చేతిలో ఉందో ప్రతి టేకులోనూ ఆ చేతిలోనే ఉండాలి. కంటిన్యుటీ తప్పితే అందరి ముందూ మైకులో తిట్టేది మమ్మల్నే. మే నెల ఎండలో పట్టుచీర కట్టుకుని పొద్దుటి నుంచి నిలబడ్డాక చెప్పు, పని ఉందో లేదో.

అమీర్‌పేట_హాస్టల్:
సారీ అక్కా. తక్కువ చేయాలని కాదు. నేను చేసింది అంతే అని చెప్పాను.

కృష్ణానగర్_22ఏళ్లు:
గంటకెంత అనే లెక్క మాకు పనికిరాదు మాస్టారూ. నెలకు ఎన్ని రోజులు పిలుస్తారన్నదే మా లెక్క. పోయిన నెల నాకు తొమ్మిది రోజులు. అంతకు ముందు నెల ఆరు. ఇంటి అద్దె మాత్రం ముప్పై రోజులకూ కట్టాలి. కాలేజీ క్రౌడ్ అంటే ఒకప్పుడు మా పిల్లలే వెళ్లేవాళ్లు. ఇప్పుడు మెసేజ్ పెడితే అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల నుంచి వచ్చేస్తున్నారు.

గుంటూరు_కుర్రోడు:
అక్కా, మీకు కార్డుంది కాబట్టి ఈ మాట అంటున్నారు. 2019లో నేను కార్డు కోసమే వచ్చాను. ఇప్పిస్తానని ఒక మధ్యవర్తి నా దగ్గర 35,000 తీసుకున్నాడు. అది మా నాన్న మిర్చి అమ్మిన డబ్బు. ఫోన్ స్విచ్ఛాఫ్. లోపలున్నవాళ్లు తలుపు వేసుకుని బయటివాళ్లను రావొద్దంటే మేమెక్కడికి పోవాలి?

కృష్ణానగర్_22ఏళ్లు:
నీకు జరిగింది అన్యాయమే. దానికి తలుపు వేసింది నేనా? 2025 ఆగస్టు 4న మా సినీ కార్మికుల సమ్మె మొదలైంది. 18 రోజులు షూటింగుల్లేవు, నా ఇంట్లో రూపాయి రాలేదు. కూలి 30 శాతం పెంచమని అడిగాం. చివరికి రోజుకు 2000 లోపు వచ్చేవాళ్లకు మూడేళ్లలో 22.5 శాతం ఒప్పుకున్నారు. మొదటి ఏడాది 15, తర్వాత రెండున్నర, ఆ తర్వాత అయిదు. పస్తులుండి తెచ్చుకున్న రేటది. మీరు 700కి బస్సెక్కితే దానికి విలువేముంది?

గుంటూరు_కుర్రోడు:
రూలు అడ్డమంటారు, మరి నా ఆకలి సంగతేంటి? కార్డు లేనివాడికి కడుపు ఉండదా?

లెక్కల_మాస్టారు:
ఇద్దరూ పక్కకు పోతున్నారు. ప్రయాణం పనిగంటల్లోకి వస్తుందా రాదా, అది తేల్చండి ముందు.

కృష్ణానగర్_22ఏళ్లు:
మాస్టారూ, దండం పెడతాను, ఆ బస్సును కాసేపు వదిలేయండి. పోయిన వారం మమ్మల్ని షూటింగులకు పిలిచే కో-ఆర్డినేటర్ నాతో ఏమన్నాడో తెలుసా? 'నీ రేటుకు ఇద్దరు పిల్లలొస్తారమ్మా' అన్నాడు. 22 ఏళ్లలో ఎవరూ అనని మాట. నా కోపం ఆ మాట మీద. 2020 లాక్‌డౌన్‌లో షూటింగులు ఆగిపోతే చిరంజీవి గారి ఆధ్వర్యంలో కరోనా క్రైసిస్ చారిటీ నుంచి సరుకులు వచ్చాయి. మా గడపకు రావడానికి మా పేరు యూనియన్ జాబితాలో ఉండటమే కారణం. కార్డంటే నాకు అది. మీకది తలుపులా కనిపిస్తోంది, నాకు పైకప్పు.

ఫిల్మ్‌నగర్_డ్రైవర్:
అక్క చెప్పింది నిజం. ప్యాకప్ అయ్యాక రాత్రి బస్సులో వీళ్ల ముఖాలు చూస్తే తెలుస్తుంది.

గుంటూరు_కుర్రోడు:
కోపంలో గట్టిగా అన్నాను అక్కా. అయినా మాట మార్చను. పైకప్పు కింద చోటు కొందరికే ఉంటే మిగతావాళ్లు వానలో నిలబడాలా?

కృష్ణానగర్_22ఏళ్లు:
నిలబడమని అనను. సరైన రేటు అడిగి నిలబడమంటాను. హాస్టల్ తమ్ముడూ, ఒకటి అడుగుతాను. డబ్బులిచ్చేటప్పుడు వోచర్ మీద, అంటే డబ్బు ముట్టినట్టు రాసే కాగితం మీద, సంతకం పెట్టించుకున్నారా?

అమీర్‌పేట_హాస్టల్:
పెట్టించుకున్నారు అక్కా, రెండుసార్లూ.

కృష్ణానగర్_22ఏళ్లు:
అందులో అంకె ఎంత ఉంది?

అమీర్‌పేట_హాస్టల్:
అంకె లేదు. ఆ గడి ఖాళీగా ఉంది. తర్వాత నింపుకుంటాం, సంతకం చెయ్ అన్నారు.

కృష్ణానగర్_22ఏళ్లు:
మా వీధిలో ఇద్దరు పిల్లలకు ఇలాగే జరిగింది. తర్వాత చూస్తే ఆ గడిలో కార్డు రేటే రాసి ఉంది. చేతికిచ్చింది మాత్రం అందులో సగం.

గుంటూరు_కుర్రోడు:
మిగతాది ఎవరు తిన్నట్టు?

అమీర్‌పేట_హాస్టల్:
ఇప్పుడే గ్రూపులో మెసేజ్ వచ్చింది. రేపు అయిదున్నరకే, సారథి స్టూడియో, 30 మంది. రేటు ఎంత, వోచర్‌లో ఎంత రాస్తారు అని అడిగాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.