సబ్సిడీతో కొనే తొలి ఇంటికి స్టాంపు డ్యూటీ మాఫీ చేయాలా?

బరంపురం_దస్తావేజు
పీఎం ఆవాస్ పట్టణ పథకం రెండో విడత 2024 సెప్టెంబరు 1న మొదలైంది. వడ్డీ సబ్సిడీ గరిష్ఠంగా 1.80 లక్షలు, అదీ ఐదు వార్షిక వాయిదాల్లో. ఏడాదికి 36 వేలన్నమాట. ఇక ఒడిశా ఖర్చు చూడండి. 20 లక్షల ఇల్లు ఆడవాళ్ల పేరున రాయిస్తే స్టాంపు 4 శాతం, 80 వేలు. రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం, 40 వేలు. మగవాళ్ల పేరునైతే స్టాంపు 5 శాతం. తక్కువలో తక్కువ 1.20 లక్షలు రిజిస్ట్రేషన్ రోజే కట్టాలి. కేంద్రం చెంచాతో పోసింది రాష్ట్రం గుక్కలో తాగేస్తోంది. సబ్సిడీకి అర్హులైన తొలి ఇంటివాళ్లకి ఈ డ్యూటీ పూర్తిగా తీసేయాలి.

రాయగడ_లెక్కలు
దస్తావేజు గారూ, స్టాంపు రేటు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితా 63వ అంశం. కేంద్ర పథకం దాన్ని మాఫీ చేయించలేదు. పైగా మాఫీ ప్రకటించిన మర్నాడే అమ్మేవాడు 20కి బదులు 21 అంటాడు. అసలు ఇబ్బంది చేతి డబ్బు దగ్గరుంది. 30 లక్షల లోపు అప్పుకి బ్యాంకు ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చుల్ని ఆ విలువలో కలపడానికి రిజర్వు బ్యాంకు ఒప్పుకునేది ఇంటి ఖరీదు 10 లక్షలు దాటనప్పుడే. కాబట్టి 20 లక్షల ఇంటికి సొంత వాటా 2 లక్షలు, పైన 1.20. మొత్తం 3.20 లక్షలు చేతిలో ఉండాలి. ఆ 10 లక్షల గీత జరపమని అడగండి, ఖజానాకి చిల్లు పడదు.

బల్లార్ష_అన్న
మాఫీ అయ్యే పని కాదంటే ఎట్లన్నా? మా మహారాష్ట్రల పీఎం ఆవాస్ ప్రాజెక్టు ఫ్లాట్లకు, బలహీన వర్గాలకు, తక్కువ ఆదాయం వాళ్లకు, స్టాంపు డ్యూటీ వెయ్యి రూపాయలే. కాకపోతే అది ప్రాజెక్టు ఫ్లాటుకే. బయట ఎవరి దగ్గరనో ఇల్లు కొని వడ్డీ సబ్సిడీ తీసుకుంటే పూర్తి డ్యూటీ కట్టాలె. రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం ఒక శాతమే, అదీ 30 వేలు దాటది.
ఇంకో తిరకాసు ఉంది. మా దగ్గర ఆడవాళ్లకు ఒక శాతం తగ్గింపు కొనేటోళ్లందరూ ఆడవాళ్లయితేనే. పథకమేమో భార్యాభర్తల పేర్లు కలిపి ఉన్నా ఒప్పుకుంటది. అప్పుల భర్త సంతకం ఉంది గదా అని దస్తావేజుల కూడా ఆయన పేరు ఎక్కిస్తరు, 20 లక్షల మీద 20 వేలు గంగల కలుస్తయి. అప్పుల తోడున్నోడు ఇంట్ల వాటాదారు కావాలని లేదు, బ్యాంకును ముందుగాలే అడుగుర్రి.

పర్లాకిమిడి_సాహు
మాఫీ లేకపోతే జనం చేసేది తక్కువకి రాయించుకోవడమే. దానివల్ల మునిగేది కొనేవాళ్లే. డ్యూటీ లెక్క బెంచ్‌మార్క్ విలువ (ప్రభుత్వం కట్టిన ధర), అమ్మకం ధర రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద. బెంచ్‌మార్క్ 14 ఉందని 20 లక్షల ఇంటిని 14కి రాయిస్తే మిగిలేది 36 వేలు. అప్పు మాత్రం 18 లక్షల నుంచి 12.60కి పడిపోతుంది, 5.40 లక్షలు ఎక్కడినుంచి తెస్తారండీ?
పట్టాలో నేల కిసం, అంటే నేల రకం కూడా చూసుకోవాలి. ఘరబారి (ఇళ్ల స్థలం) కాకుండా ఇంకా సాగు కిసంలోనే ఉంటే, ఒడిశా భూసంస్కరణల చట్టం 8ఎ కింద మార్పించనిదే ఇంటి అప్పుకి దారి దొరకడం కష్టం. మార్చాక బెంచ్‌మార్క్ పెరుగుతుంది, డ్యూటీ కూడా. ఈ క్రమం తెలియక బయానా ఇచ్చేసి ఇరుక్కుంటారు.
మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా పేరు గొడవ ఒకటి. ఒక కాగితంలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో చివర, పట్టాలో ఒడియా లిపిలో ఇంకో రూపం. దస్తావేజు చిత్తు ప్రతి ఆధార్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి. రిజిస్ట్రేషన్ అయ్యాక తప్పు దొరికితే సవరణ దస్తావేజే గతి.

బరంపురం_దస్తావేజు
లెక్కలు గారూ, అమ్మేవాడు ధర పెంచుతాడన్న మాట నాకు ఎక్కలేదు. అదే ఇంటికి సబ్సిడీ లేనివాళ్లూ బేరమాడతారు, వాళ్లకి మాఫీ ఉండదు. ఒక్కరి కోసం లక్ష పెంచితే మిగతా బేరాలు పోతాయి. అయినా పూర్తి మాఫీ పట్టు వదులుతాను. సబ్సిడీ లెక్కేసేది మొదటి 8 లక్షల అప్పు మీదే కదా, డ్యూటీ, ఫీజు కూడా అంతవరకే వదిలేయమనండి. ఆడవాళ్ల పేరున 48 వేలు మిగులుతుంది.

రాయగడ_లెక్కలు
ఇది కొంత నయం. కానీ రెండేళ్లకే అమ్మేసుకుంటే? పథకానికి ఆ జాగ్రత్త ఉంది: అప్పు నడుస్తూ, అసలులో సగానికి పైగా బాకీ ఉంటేనే తర్వాతి వాయిదా వస్తుంది. తొందరపడి అప్పు తీర్చేసినవాళ్లకీ ఆగిపోతుంది, అది వేరే సంగతి. డ్యూటీ ఒకసారి వదిలేశాక వెనక్కి రాబట్టాలంటే దస్తావేజులోనే షరతు రాయాలి. ఆ షరతు ఉన్న ఇంటిని తాకట్టుకి బ్యాంకు తీసుకుంటుందంటారా?

బల్లార్ష_అన్న
ఆడవాళ్ల తగ్గింపు మీద మా దగ్గర అసొంటి షరతే పెట్టిండ్రు, 15 ఏళ్లు మగోళ్లకు అమ్మొద్దని. 2023ల తీసేసిండ్రు.