పుష్కరాలకు జీతం లేని పోలీసుగా వెళ్తానంటే తప్పేముంది?

గోదారిగట్టు

మాది రాజమండ్రి. 2027 గోదావరి పుష్కరాల గురించి ఊళ్లో అప్పుడే మాటలు మొదలయ్యాయి. చాలాకాలంగా మనసులో ఉన్న ఆలోచన ఒకటి ఇక్కడ పెడుతున్నాను. మంచో చెడో మీరే చెప్పండి.

2015 జూలై 14, పుష్కరాల మొదటి రోజు. పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయారు. అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడాది. ఎన్.ఎస్.ఎస్. పిల్లలతో కలిసి కోటిలింగాల ఘాట్ దగ్గర ఉన్నాను. తలకు టోపీ, మెడలో బ్యాడ్జి, చేతిలో నీళ్ల ప్యాకెట్లు, అంతే. వార్త తెలిశాక మా దగ్గరా జనం కంగారుపడ్డారు. మెట్ల మీద ఒక పెద్దాయన మనవణ్ణి భుజాన వేసుకుని ఎదురు వస్తున్నారు. "తాతగారూ, ఇటు రాకండి, అటు దారి ఉంది" అన్నాను. ఆయన నా మొహం వంక చూసి "నువ్వెవరు బాబూ చెప్పడానికి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. పక్కనే ఉన్న కానిస్టేబుల్ ఒక్కసారి విజిల్ ఊదితే ఆయనతోపాటు ఇరవై మంది పక్కకు తిరిగారు.

బ్రిటన్‌లో స్పెషల్ కానిస్టేబుల్స్ అని ఉంటారట. పగలు తమ ఉద్యోగం తాము చేసుకుంటూ, నెలలో కొన్ని గంటలు యూనిఫాం వేసుకుని పోలీసులుగా పనిచేస్తారు. జీతం ఉండదు. మన దగ్గర అలాంటిది ఎందుకు ఉండకూడదు? మూడు నెలలు శిక్షణ ఇవ్వండి, పరీక్ష పెట్టండి, నేను రేపే దరఖాస్తు పెడతాను. ఊరు తెలిసినవాడు, సందులు తెలిసినవాడు, డబ్బు అడగనివాడు వస్తానంటే ఎందుకు కాదనాలి?

ఓరుగల్లు_హోంగార్డు_బిడ్డ

అన్నా, మీ మనసు మంచిది. కానీ చివరి వాక్యం చదివాక నాకు నిద్ర పట్టలేదు. "డబ్బు అడగనివాడు" అన్నారు చూడండి, అక్కడ.

మీరు అడుగుతున్న వ్యవస్థ మన దేశంలో ఎప్పటి నుంచో ఉంది. దాని పేరు హోంగార్డులు. 1946 డిసెంబరులో బొంబాయిలో అల్లర్లప్పుడు పోలీసులకు సాయంగా మొదలైంది. అందుకే ఏటా డిసెంబరు 6న హోంగార్డుల దినం చేస్తారు. 1962 చైనా యుద్ధం తర్వాత దేశమంతా ఒకే పద్ధతిలో ఉండాలని కేంద్రం చెప్పింది. కాగితం మీద అది ఈరోజుకీ స్వచ్ఛంద సేవే. డాక్టరు, టీచరు, రైతు ఎవరైనా ఖాళీ సమయంలో వచ్చి సాయం చేసి పోవాలన్నది అసలు ఉద్దేశం.

జరిగింది ఏంటంటే, మా నాన్న ఇరవై రెండేళ్లుగా రోజూ డ్యూటీకి వెళ్తున్నారు. ట్రాఫిక్, రాత్రి గస్తీ, బందోబస్తు, ఎన్నికలు, జాతరలు. మేడారం జాతర అంటే మా ఇంట్లో నాన్న వారం రోజులు కనబడరని అర్థం. ఆయన తీసుకునేదాన్ని జీతం అనరు, డ్యూటీ అలవెన్స్ అంటారు. డ్యూటీకి వెళ్లిన రోజుకే డబ్బు. తెలంగాణలో మొన్నటిదాకా రోజుకు 921 రూపాయలు, 2025 జనవరి నుంచి 1,000 చేశారు. ఆంధ్రాలో 2019లో 710 చేశారు. పెన్షన్ లేదు.

నా ఇంజనీరింగ్ అప్పు కోసం నాన్న ఒక బ్యాంకుకు వెళ్లారు, నేనూ పక్కనే ఉన్నాను. మేనేజరు ఆ సర్టిఫికెట్ రెండుసార్లు తిప్పి చూసి, "స్వచ్ఛంద సేవకుడు" అన్న మాట మీద పెన్ను పెట్టి, "ఇది ఉద్యోగం కాదు కదండీ" అన్నాడు. నాన్న ఖాకీ చొక్కాలో ఉన్నారు. తల దించుకుని సర్టిఫికెట్ మడిచి జేబులో పెట్టుకున్నారు.

సేవ అన్న ఒక్క మాటతో ఇన్నేళ్లు ఎంత మందిని తక్కువ డబ్బుతో నడిపించారో మా ఇంటికి తెలుసు. మీలాంటి ఉద్యోగస్థులు ఉచితంగా వస్తే, మా నాన్న రోజుకు అడిగే వెయ్యి కూడా ఎక్కువగానే కనబడుతుంది. నా భయం అదే.

గోదారిగట్టు

అమ్మా, నన్ను క్షమించు. ఆ మాట అలా రాసి ఉండకూడదు. మీ నాన్నగారి పని ఇంకొకరికి ఇచ్చే పని కాదు, అది ఆయనదే. నేను అడిగేది ఆ పన్నెండు రోజులు, లేదా వారాంతం. రోజువారీ డ్యూటీలో ఒక్క హోంగార్డు పోస్టు తగ్గించినా నేను ఒప్పుకోను.

లెస్టర్_తెలుగు

గోదారిగట్టు గారూ, మీరు చెప్పిన స్పెషల్ కానిస్టేబుల్‌ను నేనే. ఇంగ్లండ్‌లో ఆరేళ్లుగా చేస్తున్నాను. పగలు ఐటీ ఉద్యోగం. మా ఊరు ఏలూరు దగ్గర.

కొంత అపోహ తీయాలి. ఇక్కడ ఇది సరదా పని కాదు. 1831 నాటి చట్టం నుంచి వస్తున్న పద్ధతి. నెలకు కనీసం 16 గంటలు ఇవ్వాలి. జీతం లేదు, ప్రయాణ ఖర్చులు ఇస్తారు. కానీ అధికారాల విషయంలో జీతం తీసుకునే కానిస్టేబుల్‌కూ నాకూ తేడా లేదు. అరెస్టు చేయగలను, సోదా చేయగలను. అలాగే తప్పు చేస్తే అదే క్రమశిక్షణ నిబంధనలు, అదే విచారణ. "నేను ఊరికే వచ్చాను సార్" అంటే ఎవరూ వినరు.

పని ఎలా ఉంటుందంటే, శుక్రవారం రాత్రి ఒంటిగంటకు పబ్బు బయట బూట్లు లేకుండా కూర్చుని ఏడుస్తున్న పంతొమ్మిదేళ్ల కుర్రాడి పక్కన ఫుట్‌పాత్ మీద అరగంట కూర్చుని, వాళ్లమ్మ నంబరు చెప్పించడం. బెల్‌గ్రేవ్ రోడ్డులో దీపావళి నాడు తప్పిపోయిన పిల్లను ఎత్తుకుని నిలబడటం. చాలా తృప్తి ఉంది, అబద్ధం చెప్పను. పోలీసు అంటే ఎప్పుడూ పరాయివాడు అనుకున్న మనవాళ్లు నన్ను చూసి దగ్గరికొచ్చి మాట్లాడతారు.

అయితే ఇక్కడా ఏటేటా స్పెషల్స్ సంఖ్య పడిపోతోంది. పదేళ్ల కిందటితో పోలిస్తే చాలా తక్కువ మంది మిగిలారు. ఉద్యోగం, పిల్లలు, ఆపై రాత్రి డ్యూటీ, మనిషి ఎన్నాళ్లు తట్టుకుంటాడు?

నా అభిప్రాయం: పూర్తి శిక్షణ, పూర్తి జవాబుదారీ ఉంటే మంచిదే. సగం సగం అయితే వద్దు.

చింతూరు_మాస్టారు

నేను చింతూరు వైపు బడిలో పనిచేశాను. ఈ చర్చలో ఒక్క పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదు. స్పెషల్ పోలీస్ ఆఫీసర్, ఎస్.పి.ఓ.

2005లో పక్కనున్న ఛత్తీస్‌గఢ్ దంతెవాడ జిల్లాలో మావోయిస్టులకు ఎదురుగా సల్వాజుడుం అనే ఉద్యమం మొదలైంది. ఊళ్లోని కుర్రాళ్లను ఎస్.పి.ఓ.లుగా తీసుకున్నారు. 2011 నాటికి నెలకు 3,000 రూపాయలు, రెండు నెలల శిక్షణ, చేతికి తుపాకి. ఐదో తరగతి చదివితే చాలు. వాళ్లు ఊరు తెలిసినవాళ్లే, సందులు తెలిసినవాళ్లే. గోదారిగట్టు గారు రాసిన మాటే ఇది, ఆయన్ను తప్పుపట్టడానికి అనడం లేదు. ఆ తెలియడమే శాపమైంది. ఎవరి ఇల్లు ఎక్కడుందో, ఎవరి అన్న ఎవరితో తిరుగుతాడో తెలుసు గనుక ఊరి మీదకు ఊరు వెళ్లింది. ఆ కుర్రాళ్లు కూడా మావోయిస్టుల చేతుల్లో వరసగా చచ్చిపోయారు. వేలమంది ఇళ్లు వదిలి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చేశారు. వాళ్లను గుత్తికోయలంటాం. మా బడికి ఒక పిల్ల వచ్చేది, పేరు అడిగితే చెప్పేది, ఊరు అడిగితే మాత్రం నోరు విప్పేది కాదు. ఏడాది తర్వాత చెప్పింది.

2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ పద్ధతి చెల్లదంది. తీర్పు ఇచ్చిన ఇద్దరిలో ఒకరు మన తెలుగువారే, జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి.

పుష్కరాల్లో తుపాకి ఇవ్వరు కదా అంటారు. నిజమే. కానీ నా ప్రశ్న తుపాకి గురించి కాదు. ఊళ్లో స్వచ్ఛందంగా పోలీసుగా రావడానికి ఎవరికి తీరిక ఉంటుంది, ఎవరికి సిఫారసు ఉంటుంది? సర్పంచి బావమరిది వస్తాడు. కూలికి పోయే ఇంటి కుర్రాడు రాడు, ఒక రోజు పని మానితే గడవదు. అప్పుడు ఆ ఖాకీ చొక్కా ఏ వీధిలో ఎవరిని "ఏయ్" అంటుందో నాకు తెలుసు, మీకూ తెలుసు.

కాకినాడ_రిటైర్డ్_హెచ్.సి.

ముప్పై నాలుగేళ్లు డిపార్ట్‌మెంటులో చేసి హెడ్ కానిస్టేబుల్‌గా దిగినవాణ్ణి. మాస్టారు చెప్పింది పల్లెల్లో నూటికి నూరు పాళ్లు నిజం. ఆంధ్రాలో ఇంకో చిక్కు కూడా ఉంది. 2019లో యాభై ఇళ్లకు ఒకరు చొప్పున గ్రామ వాలంటీర్లను పెట్టాక ఆ మాట చుట్టూ పార్టీ గొడవలు అల్లుకున్నాయి. వాలంటీరు అనగానే జనం ఏ పార్టీ అని చూస్తారు. పోలీసు వాలంటీరు అంటే ఇంకేం చూస్తారో ఆలోచించండి.

తమిళనాడులో 1993లో రామనాథపురంలో ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్ అని మంచి ఉద్దేశంతో మొదలుపెట్టారు. జనానికీ పోలీసుకూ మధ్య దూరం తగ్గాలని. 2020లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు కస్టడీలో చనిపోయినప్పుడు ఈ వాలంటీర్ల మీద కూడా ఆరోపణలు వచ్చాయి. జూలైలో ప్రభుత్వం దాన్ని నిషేధించేసింది. స్టేషన్ లోపల వాలంటీరుకు ఏం పని? ఆ గీత ఎవరూ గీయలేదు.

గోదారిగట్టు తమ్ముడికి ఒక విషయం చెప్పాలి. దొంగను పట్టుకోవడం తేలిక. ఆ తర్వాతే అసలు పని. స్టేట్‌మెంటు, పంచనామా, ఆపైన కోర్టు. నాలుగేళ్ల తర్వాత సమన్లు వస్తాయి, సెలవు పెట్టుకుని వెళ్తావు, వాయిదా పడుతుంది. మళ్లీ వెళ్తావు. అవతలి లాయరు "నువ్వు పోలీసువా, కాదా?" అని అడుగుతాడు. అక్కడ నీ తరఫున నిలబడే డిపార్ట్‌మెంటు లేకపోతే నువ్వు ఒంటరివాడివి. చట్టం మామూలు మనిషికి ఇప్పటికే కొంత అధికారం ఇచ్చింది. నీ కళ్లముందు పెద్ద నేరం జరిగితే పట్టుకుని ఆరు గంటల్లోగా పోలీసుకు అప్పగించవచ్చు, కొత్త నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్‌లో ఉంది. అంతకు మించి కావాలంటే బాధ్యత కూడా అంతకు మించి ఉంటుంది.

ఇంకోటి. 1861 పోలీసు చట్టంలో అల్లర్లప్పుడు ఊరివాళ్లను స్పెషల్ పోలీసులుగా నియమించే సెక్షన్లు ఉన్నాయి. సరైన కారణం లేకుండా కాదంటే యాభై రూపాయల దాకా జరిమానా. తెల్లవాడి బుర్రలో జనం సాయం అంటే అది. సేవ అనే మాట అక్కడి నుంచే వంకరగా మొదలైంది.

గోదారిగట్టు

అందరివీ రెండేసిసార్లు చదివాను. మాస్టారు గారి పోస్టు తర్వాత చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

మొదట అడిగినట్టుగా ఇప్పుడు అడగను. అరెస్టు అధికారం నాకు వద్దు, లాఠీ వద్దు, స్టేషన్‌లో అడుగుపెట్టే పని వద్దు. ఖాకీ కూడా వద్దు, దూరం నుంచి కనబడే వేరే రంగు చొక్కా చాలు. కానీ "నువ్వెవరు" అని అడిగితే చెప్పుకోవడానికి ఒక మాట కావాలి. ఒక్క ఘాట్, ఒక్క పని, ముందుగా నేర్పించి, ఒక పేరున్న అధికారి కింద. ఆ పన్నెండు రోజులు అయిపోగానే చొక్కా తిరిగి ఇచ్చేయాలి. సొంత వీధిలో కాకుండా వేరే వార్డులో వేయాలి. మాస్టారు చెప్పిన భయం దానితో కొంతైనా తగ్గుతుందనుకుంటున్నాను.

ఇది కూడా వద్దంటారా?

చింతూరు_మాస్టారు

చొక్కా తిరిగి ఇచ్చేయాలి అన్నారు చూడండి, దానికి నేను ఒప్పుకుంటాను. గడువు లేని అధికారమే నాకు భయం. కానీ ఎంపిక ఎవరు చేస్తారన్నది రాతలో ఉండాలి. సిఫారసు ఉత్తరాలతో అయితే నా మాట వెనక్కి తీసుకుంటాను.

లెస్టర్_తెలుగు

నాకు ఇది సగం సగం వ్యవహారంలాగే కనబడుతోంది, మొహమాటం లేకుండా చెబుతున్నా. అధికారం లేని చొక్కాను మొదటి రోజు జనం గౌరవిస్తారు, మూడో రోజు తోసుకుని పోతారు. జనం వినాలంటే ఆ మాట వెనకాల చట్టం ఉండాలి. మీ ఇన్సూరెన్స్ సంగతేంటి? తోపులాటలో మీ చెయ్యి విరిగితే ఎవరు చూస్తారు? ఆ రెండూ తేలకుండా దిగకండి.

ఓరుగల్లు_హోంగార్డు_బిడ్డ

నిన్న రాత్రి నాన్నకు ఈ చర్చంతా చదివి వినిపించాను. 2015 పుష్కరాలకు ఆయన్ను కాళేశ్వరం వేశారు. పన్నెండు రోజులు అక్కడే ఉన్నారు.

నా వాదన నాది అలాగే ఉంది. 2015 మార్చిలో సుప్రీంకోర్టు హోంగార్డులను పర్మినెంట్ చేయమని చెప్పలేదు గానీ, నెలంతా పనిచేస్తే పోలీసు కనీస మూల వేతనంతో సమానంగా అలవెన్స్ ఇవ్వాలని చెప్పింది. హిమాచల్ కేసు. పెన్షన్, ఆరోగ్యం, బ్యాంకు దగ్గర మాట, ఇవి ఇంకా తేలలేదు. మీ చొక్కా ఫైలు కదిలేటప్పుడు ఆ ఫైలు కూడా కదలాలని మీరు అడగాలి. మీరు అడిగితే వింటారు, మేము అడిగితే క్రమశిక్షణ అంటారు.

నాన్న మాత్రం నా వాదన పక్కన పెట్టి మీకు ఒక మాట చెప్పమన్నారు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఆ అబ్బాయి మెట్ల మీద నిలబడి తాతను ఆపబోయాడు గదా, అది తప్పు చోటు. ముందున్నోళ్లకు ఆగాలనే ఉంటది, ఎనక నుంచి తోస్తరు, ఆళ్లేం జేస్తరు. ఆపాల్సింది ఎనకోళ్లను. రెండు వందల గజాల అవతల నిలబడి, ముందు మెట్లు ఖాళీ అయినయని విజిల్ ఇనబడ్డంకనే తాడు ఇప్పాలె. తాడు రోడ్డుకు అడ్డంగ బిగదీసి కట్టొద్దు, ఇద్దరు మనుషులు చేతులతోని పట్టుకోవాలె, పడిపోతున్నరంటే ఇడిచిపెట్టేటట్టు. దిగినోళ్లు ఎక్కినోళ్లు ఒక్క దారిల ఎదురుపడొద్దు. గింతే. గీ మాత్రానికి చొక్కా ఏ రంగైతే ఏంది, నేర్పిస్త, రమ్మను."