బ్రేకు తొక్కితే అంబాసిడర్ ఎడమకి లాగేస్తోంది, లోపం ఎక్కడ ఉండొచ్చు?

నాన్నగారి అంబాసిడర్ మార్క్ 4, 1984 బండి. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. మామూలుగా తిన్నగా పోతుంది, బ్రేకు తొక్కగానే స్టీరింగు ఎడమకి గుంజుతుంది. పెడల్ అలాగే నొక్కిపట్టుకుంటే కాస్త సర్దుకుంటుంది. బండి ఆపి చూస్తే ముందు ఎడమ డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత వేడి, కుడిది గోరువెచ్చన. కుడివైపే సరిగా పట్టడం లేదని నా అనుమానం. టైర్లలో గాలి సమానంగానే ఉంది. రెండువైపులా కొత్త షూలు (డ్రమ్ముకి లోపల ఒరుసుకుని చక్రాన్ని ఆపేవి) వేయించి, బ్లీడింగ్ (బ్రేకు పైపుల్లో గాలి తీసేయడం) కూడా చేయించాం. షూల లైనర్ల మీద ఆయిలు మరకల్లేవు.

ముందు చక్రానికి రెండేసి వీల్ సిలిండర్లు (బ్రేకు ఆయిలు ఒత్తిడితో షూలను డ్రమ్ముకి నెట్టేవి) కదా, వాటిలో ఒకటి పట్టేసిందా? లేక పాత రబ్బరు హోస్ లోపల ఉబ్బి ఆయిలు ఆలస్యంగా వెళ్తోందా? అన్నీ విప్పకుండా తేల్చుకునే దారి ఉందా? అమ్మను ఎక్కించుకుని హైవే మీదకు వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. ఈ బండి పని తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.